సరోజినీదేవి లండను విద్యార్థిదశ – పాతనగర కవిత్వము

నిజాము రాష్ట్రమునుండి విద్యార్థమై ఐరోపాకు పోయినవారి చరిత్రను వ్రాయబూనినవారు సాధారణముగ వారు తెచ్చిన పట్టములను, చేపట్టిన ఉద్యోగములను పేర్కొని విరమింతురు. పరదేశనగరమున అడుగిడిన తొలిదినములలో ఆ విద్యార్థి మనస్సున కేమి జరిగెనో తెలుపు ఆధారములు స్వల్పములు. ఈ విషయమున సరోజినీదేవి చరిత్ర అపురూపమైనది. 1895లో పదునారేండ్ల ప్రాయమున ఇంగ్లండు చేరిన యీ బాలికకు లండను సాహిత్యలోకమున తొలుత లభించినది ప్రశంస కాదు, నిరాకరణము. ఆ నిరాకరణము మూలముననే హైదరాబాదు పాతనగరము ఆమె కవిత్వమున ప్రవేశించినదని మా యభిప్రాయము. అందలి మేలును, కొఱతను ఇచ్చట పరిశీలింపదలచితిమి.

సరోజినీదేవి 1879 ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదున జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయుడు వంగదేశీయుడు. ఎడింబరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, జర్మనీలోని బాన్ నగరమున గూడ చదివి, హైదరాబాదు చేరి, పిదప నిజాం కళాశాలగా పరిణమించిన విద్యాలయమును నెలకొల్పిన విద్వాంసుడాయన. కనుక ఐరోపా చదువు ఆ యింట క్రొత్తది కాదు. ఆంగ్లము విషయమున ఆయన పట్టుదల కఠినమైనది. తొమ్మిదేండ్ల బిడ్డ ఆంగ్లము మాటాడుటకు మొరాయింపగా ఆమెను గదిలో ఒంటరిగ నుంచి తలుపు మూసిరి. అది మొదలు ఆమె తలిదండ్రులతో ఆంగ్లము తప్ప వేఱొండు భాష మాటాడలేదు. తల్లి మాత్రము ఆమెతో ఎల్లప్పుడును హిందూస్థానీయే మాటాడుచుండెను. ఈ సంగతిని ఆమెయే తరువాతి కాలమున ఆర్థర్ సైమన్సు అను ఆంగ్లకవికి వ్రాసినది. పండ్రెండవ యేట మద్రాసు మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గి దేశమంతట పేరుపొందెను. పదుమూడవ యేట ఆరు దినములలో పదుమూడు వందల పంక్తుల ఆంగ్లకావ్యమును స్కాటు కవి పోకడలో వ్రాసెను. అనగా, ఓడ యెక్కుటకు మునుపే ఆమె మనస్సు పుస్తకములలోని ఇంగ్లండున సంచరించుచుండెను.

ఆమెకు విద్యార్థివేతనము నిచ్చినది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము. ఇందొక చమత్కారము కలదు. 1883లో చాందా రైలుమార్గపు టాందోళనమున పాల్గొన్నందులకు అఘోరనాథుని నగరమునుండి వెడలగొట్టినదియు హైదరాబాదు ప్రభుత్వమే. తండ్రిని బహిష్కరించిన దర్బారు, పండ్రెండేండ్లకు బిడ్డను సీమకు పంపినది. ఆమెకు ఇష్టము లేకయే ఆ ప్రయాణము జరిగెనని సైమన్సు చెప్పినాడు. ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించిన గోవిందరాజులు నాయుడుగారితో ఆమె కేర్పడిన అనురాగమే దానికి కారణమని జీవితచరిత్రకారులు తలంచిరి.

లండనులో ఆమె ప్రవేశించినది కింగ్స్ కళాశాల. స్త్రీల తరగతులు ఆ కాలమున ప్రధానభవనమున గాక కెన్సింగ్టను ప్రాంతమున వేఱుగ జరుగుచుండెడివి. పిదప కేంబ్రిడ్జి శివారులోని గిర్టను కళాశాలకు పోయెను. అచ్చట స్త్రీలు చదువవచ్చును, పరీక్షలు వ్రాయవచ్చును, పట్టము మాత్రము లేదు. స్త్రీలకు పట్టములీయవలెనను ప్రతిపాదనము 1897లో, అనగా ఆమె ఇంగ్లండులో నున్న కాలముననే, కేంబ్రిడ్జిలో ఓడిపోయెను. 1948 వరకు ఆ నిషేధము తొలగలేదు. సరోజినీదేవి పట్టము లేకయే తిరిగివచ్చెనని కొందఱు ఆక్షేపణగా వ్రాయుచుందురు. ఆరోగ్యము చెడి చదువు మధ్యలో నిలిచిన మాట నిజమే. కాని చదువు ముగించినను ఇచ్చువారు లేని పట్టమును ఎట్లు తేగలదు?

ఆనాటి ఆమెను గూర్చి ఇద్దఱు ఆంగ్లేయుల సాక్ష్యము ముఖ్యమైనది. సైమన్సు చూచినది పట్టువస్త్రములు, వీపున నిడుదగ జాఱిన నల్లని కేశములు, మితభాషణము, మృదుస్వరము. అది రూపవర్ణనము, అందు విద్యార్థిని కంటె ‘ప్రాచ్యబాలిక’యే ఎక్కువగ కనబడును. విమర్శకుడైన ఎడ్మండ్ గాస్ చూచినది ఆమె వ్రాతప్రతులను. పదునాఱేండ్ల తరువాత, 1912లో, ‘ది బర్డ్ ఆఫ్ టైమ్’ సంపుటికి వ్రాసిన పీఠికలో ఆయన ఆ సంగతిని వివరించెను. పద్యములలో ఛందస్సు నిర్దుష్టము, వ్యాకరణము శుద్ధము, భావములు నిందింపరానివి. అయినను వానినిండ టెన్నిసను, షెల్లీల ఛాయలే. ఇంగ్లండు పక్షులు, చర్చిగంటలు, మధ్యమండలపు పల్లెటూళ్లు. ఆమె ఆ కవితలు వ్రాయునాటికి ఆ పక్షులను వినియుండదు, ఆ పల్లెలను చూచియుండదు. గాస్ నిర్మొగమాటముగ వానిని చెత్తబుట్టలో వేయుమని, తన దేశపు పూలను, ఫలములను, కొండలను, గుడులను, జనులను గూర్చి వ్రాయుమని చెప్పెను. ఆమె ఆ మాటను వినయముతో గ్రహించినదని ఆయనయే వ్రాసెను. 1905లో లండనున హైనెమన్ సంస్థ ప్రకటించిన ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ ఆయనకే అంకితము.

ఆ సంపుటిలో హైదరాబాదు నగరమున రాత్రి ప్రవేశించుటను వర్ణించు ఖండిక యున్నది. పావురము మెడవలె వన్నెలు మారు ఆకాశము, నగరద్వారమునుండి ఏనుగు దంతమువలె వంపు తిరిగిన నది, ప్రాకారముపైగా తేలివచ్చు అజా పిలుపు, జాలీ గవాక్షముల వెనుక ముఖములు, వంతెనపై రాణివలె తరలివచ్చు రాత్రి: ఇవి అందలి చిత్రములు. కవయిత్రి దృష్టిస్థానమును పరిశోధకులు గమనింపవలెను. అఘోరనాథుని గృహము మూసీకి ఉత్తరమున, నాంపల్లి ప్రాంతమున నుండెడిది. ఖండికలోని చూపు గూడ వెలుపలినుండి ద్వారమువైపు, వంతెనవైపు పోవు చూపే. పాతనగరము ఆమెకు చూడదగిన నగరము. గల్లీలలోపల నివసించిన నగరము కాదు. ఐనను చరిత్రదృష్టిలో దీనికి విలువ కలదు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద వేలాది ప్రాణములను, ఇండ్లను హరించి, వంతెనలను ధ్వంసము చేసెను. ప్రాకారము క్రమముగ అంతరించినది. ద్వారములలో దబీర్‌పురా, పురానాపుల్ దర్వాజాలు మాత్రమే మిగిలినవి. వరదకు మునుపటి నగరపు సంధ్యాకాలము ఒకటి ఈ ఖండికలో నిలిచినది.

ఇక కొఱత. గాస్ మార్పుమని కోరినది వస్తువును, భాషను కాదు. ఇంచుమించు అట్టి స్థితిలోనే వేఱొక సలహా పొందిన మన కవి యొకడున్నాడు. గురజాడ అప్పారావుగారు 1883 ప్రాంతమున ‘సారంగధర’ కావ్యమును ఆంగ్లమున వ్రాయగా, కలకత్తాలో ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రికను నడిపిన శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చుకొనియు, పరభాషలో ఎంత నేర్పున్నను గొప్ప కీర్తి రాదని, మాతృభాషలో వ్రాయుమని హితవు చెప్పెను. సరోజినీదేవి ఇంగ్లండులో నున్న 1897లోనే ‘కన్యాశుల్కము’ తొలిముద్రణము వెలువడెను. గాస్ కోరినది లండను పాఠకునికి తూర్పుదేశమును చూపగల కవిని. ముఖర్జీ కోరినది తన జనులతో మాటాడగల కవిని. గాస్ ఉద్దేశమును మేము శంకించుట లేదు. ఆయన చెప్పినది ఆయన యెఱిగిన పాఠకుల నిమిత్తమే. పైగా సరోజినీదేవి కేది మాతృభాష? తండ్రికి వంగభాష, తల్లి పలుకులో హిందూస్థానీ, చుట్టును తెలుగు, ఉర్దూ. మూసిన గదినుండి వెలువడిన నాటినుండి ఇంట ఆమె నోట పలికినది ఆంగ్లము. అప్పారావుగారికి తిరిగిపోవుటకు ఒక భాష యుండెను. ఆమెకు అట్టిది నిర్వివాదముగ నుండెనని చెప్పజాలము. ఈ భేదమును గుర్తింపక ఆమెను తప్పుపట్టుట న్యాయము కాదు.

1898 సెప్టెంబరులో ఆమె హైదరాబాదు చేరెను. డిసెంబరులో మద్రాసున కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఆధ్వర్యమున గోవిందరాజులుగారితో కులాంతర వివాహము జరిగెను. ‘ది బర్డ్ ఆఫ్ టైమ్’లోని బజారు ఖండికలో వర్తకులు, కంసాలులు, పండ్లవారు, వాయిద్యకారులు, పూలపడుచులు ఒక్కొక్కరుగ ప్రశ్నలకు బదులు చెప్పుదురు. ఎఱ్ఱని, వెండిరంగు తలపాగలు, పచ్చఱాతి పిడుల బాకులు, కుంకుమపువ్వు, పప్పు, బియ్యము, పావురముల కాళ్ల గజ్జెలు, అన్నియు నున్నవి. లాడ్ బజారున తిరిగినవారు వీనిలో కొన్నింటిని ఆనవాలు పట్టగలరు. కాని ఆ బజారున గాజులవాని దక్ఖనీ ఒక తీరు, పల్లెనుండి ధాన్యము తెచ్చిన రైతు తెలుగు మఱియొక తీరు, మార్వాడీ సాహుకారు మాట వేఱొక తీరు. ఖండికలో అందఱును ఒకే ఆంగ్లమున, ఒకే లయలో పలుకుదురు. వారి బేరములు, వాదములు, తిట్లు అందు లేవు. సరకులు లండను చేరినవి, అమ్మినవారి మాటలు మూసీ యొడ్డుననే నిలిచినవి.