బిడ్డ ఎవరికి 'వచ్చాడు'?

పోయిన నెల నాకు బాగా తెలిసిన ఒకాయన ఫోన్ చేశాడు. విడాకుల కేసు తేలిందట. "గెలిచానండీ, బాబు నాకే వచ్చాడు" అన్నాడు. ఏమనాలో నాకు తోచలేదు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ 'వచ్చాడు' అన్న మాటే చెవిలో తిరుగుతూ ఉంది. వాటాలో పొలం వచ్చినట్టు బిడ్డ రావడమేమిటి? ఈ మాట వెనకాల పెద్ద చరిత్రే ఉంది. ఈరోజు అది చెప్పుకుందాం.

పిల్లల సంరక్షణకి సంబంధించి మన కోర్టులు ఇవాళ్టికీ వాడే ఒక చట్టం బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది. అందుకని కథ ఇంగ్లండులోనే మొదలుపెట్టాలి.

1836. కరోలిన్ నార్టన్ అని ఒక రచయిత్రి. కాపురం చెడింది. భర్త జార్జ్ ముగ్గురు కొడుకుల్ని ఆమెకి దూరంగా తీసుకుపోయాడు. పైగా అప్పటి ప్రధాని లార్డ్ మెల్బోర్న్‌తో ఆమెకి సంబంధం ఉందని కోర్టుకెక్కాడు. జ్యూరీ ఆ కేసు కొట్టేసింది. నింద నిలబడలేదు. అయినా పిల్లలు తిరిగి రాలేదు! ఎందుకంటే, అప్పటి చట్టం ప్రకారం పెళ్లయినవాళ్ల పిల్లల మీద హక్కు తండ్రిదే. కళ్లారా చూసుకోవడానికి కూడా తల్లికి హక్కు లేదు.

ఆమె కలం పట్టుకుంది. కరపత్రాలు రాసింది. టాల్ఫోర్డ్ అనే పార్లమెంటు సభ్యుడు బిల్లు పెట్టాడు. 1839లో చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లల్ని తన దగ్గర ఉంచమనీ, అంతకన్నా పెద్ద పిల్లల్ని చూడనివ్వమనీ తల్లి కోర్టుని అడగొచ్చు. వ్యభిచారం రుజువైన తల్లికి మాత్రం ఆ అవకాశం లేదు.

మరి కరోలిన్‌కి పిల్లలు దక్కారా? లేదండీ. భర్త వాళ్లని స్కాట్లండుకి పంపేశాడు. ఆ చట్టం అక్కడ చెల్లదు. 1842లో చిన్నకొడుకు విలియం గుర్రం మీంచి పడ్డాడు. తల్లి చేరేసరికి ప్రాణం పోయింది. ఎవరి పోరాటంతో చట్టం వచ్చిందో, ఆ తల్లికే అది అక్కరకి రాలేదు.

ఇక మన దేశానికి వద్దాం. 1890లో గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం వచ్చింది. బిడ్డ క్షేమం చూడాలనీ, ఊహ తెలిసిన పిల్లల ఇష్టం కూడా కోర్టు గమనించవచ్చనీ అందులో ఉంది. కానీ పెద్దపీట తండ్రికే. తర్వాత హిందువులకి 1956 చట్టం: సహజ సంరక్షకుడు తండ్రి, 'అతని తర్వాత' తల్లి. ఐదేళ్లు నిండని బిడ్డ మాత్రం మామూలుగా తల్లి దగ్గర ఉండాలి. చూశారా, ఒళ్లో పెట్టుకుని పెంచేది ఒకరు, కాగితం మీద సంతకం పెట్టేది ఇంకొకరు! అయితే అదే చట్టంలో 13వ సెక్షన్, అన్నిటికన్నా బిడ్డ క్షేమమే ముఖ్యం అంటుంది. 1973లో రోజీ జేకబ్ కేసులో సుప్రీంకోర్టు, పిల్లలు తల్లిదండ్రుల ఆస్తీ కాదు, ఆటబొమ్మలూ కాదని తేల్చి చెప్పింది.

1984లో గీతా హరిహరన్ అనే రచయిత్రి, భర్త ఒప్పుదలతోనే, కొడుకు పేరున బాండ్లకి సంరక్షకురాలిగా సంతకం పెట్టారు. తండ్రి సంతకం కావాలని రిజర్వు బ్యాంకు దరఖాస్తు వెనక్కి పంపింది. ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1999లో తీర్పు వచ్చింది: 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాక అని కాదు, ఆయన పట్టించుకోనప్పుడు కూడా అని.

2015లో లా కమిషన్, ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటివ్వమని సిఫారసు చేసింది. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు, అమ్మానాన్నలిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కు అంది. దూరాన ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో మాట్లాడుకునే వీలుండాలని కూడా చెప్పింది.

అంటే ఏమిటి? ముందు తండ్రి హక్కు. తర్వాత తల్లి హక్కు. ఇప్పుడు బిడ్డ హక్కు. కోర్టు ఇంత దూరం నడిచింది. మన నోటి మాట మాత్రం 1836 దగ్గరే ఆగిపోయింది.

కొట్టే మనిషి, భయపెట్టే మనిషి ఉన్నచోట లెక్క వేరు, అక్కడ ముందు బిడ్డ భద్రత. అది లేనప్పుడు మాత్రం చేయాల్సింది పెద్ద కష్టమేం కాదు. "మీ నాన్నకి చెప్పు", "మీ అమ్మనడుగు" అని బిడ్డని మధ్యవర్తిని చేయకండి. మార్కుల కాగితం ఇద్దరూ చూడండి. ఒకరి గురించి ఒకరు వాడి ముందు చెడ్డగా మాట్లాడకండి.

మొన్న ఆయనకి నేనే ఫోన్ చేశాను. "బాబు ఆదివారం వాళ్లమ్మ దగ్గరికి వెళ్తున్నాడా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "వాడు రోజూ అడుగుతున్నాడండీ."

"అయితే పంపించండి. మీరేం ఓడిపోరు" అన్నాను.

మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్ల ఇంట్లోనో ఇలాంటి బిడ్డ ఉంటే, ఈ నాలుగు మాటలు వాళ్లకి చేర్చండి.