కంచె దాటిన బార్బెర్రీ

చలికాలంలో ఆకులన్నీ రాలిపోయినా బార్బెర్రీ పొద బోసిపోదు. ముళ్ల కొమ్మల నిండా ఎర్రటి చిన్న పండ్లు వేలాడుతూనే ఉంటాయి. బెరడు గీకి చూస్తే లోపలంతా పసుపే. మన ఆయుర్వేదంలో వాడే దారుహరిద్ర కూడా ఈ ప్రజాతి మొక్కే.

ఐరోపా బార్బెర్రీని 17వ శతాబ్దంలో ఇంగ్లిష్ వలసదారులు అమెరికాకు పట్టుకెళ్లారు. పండ్లతో జామ్ చేసుకున్నారు, బెరడుతో బట్టలకు రంగు వేసుకున్నారు, పొలాలకు కంచెగా నాటుకున్నారు. ఆ కంచె దగ్గరి గోధుమ పైరుకు తుప్పు తెగులు ఎక్కువగా సోకుతోందని రైతులు పసిగట్టారు. కారణం ఎవరికీ తెలియకపోయినా కనెటికట్ 1726లోనే ఈ పొదల మీద చట్టం తెచ్చింది. రైతు చూపు అంత నిశితమైనది. దానికి రుజువు దొరకడానికి మరో 139 ఏళ్లు పట్టింది.

1865లో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ తెగులు నడిచే దారిని బయటపెట్టాడు. గోధుమ గడ్డిలో చలికాలం గడిపిన శిలీంధ్రం వసంతంలో బార్బెర్రీ ఆకుకు సోకుతుంది. ఆకు అడుగున నారింజ రంగు బుల్లి గిన్నెలు లేస్తాయి. వాటిలోంచి రేగిన బీజాలు గాలికి మళ్లీ గోధుమ మీద వాలతాయి. 1916లో తెగులు విజృంభించాక, 1918లో అమెరికా ప్రభుత్వం ఈ పొదల ఏరివేతకు దిగింది. బడిపిల్లలు సైతం వెతికిపెట్టారు. మళ్లీ చిగురించకుండా మొదళ్లలో ఉప్పు పోశారు. మన దేశంలో మాత్రం ఈ మొక్కది పెద్ద తప్పు కాదు. ఇక్కడ తెగులు వేసవిని నీలగిరుల వంటి కొండల పైరు మీదే గడుపుతుందని ఆగ్రాలో పనిచేసిన కరమ్‌చంద్ మెహతా తేల్చాడు.

అమెరికాలో పాత పొద పోయిన చోటికి జపాన్ బార్బెర్రీ వచ్చింది. దాని విత్తనాలు 1875లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్‌కు చేరాయి. దానికి తుప్పు తెగులు అంటదు, ముళ్లకు జడిసి జింకలు ముట్టవు. ఊదా ఆకుల రకాలూ వచ్చాక తోటల్లో దానికి తిరుగులేకపోయింది. తీరా మెచ్చుకున్న గుణాలే ముప్పు తెచ్చాయి. పిట్టలు పండ్లు తిని గింజలను అడవుల్లో రాల్చాయి. జింకలు వదిలేసిన పొదలు దట్టంగా అల్లుకున్నాయి. వాటి కింది చెమ్మలో లైమ్ వ్యాధిని మోసే పిడుదులు పెరుగుతున్నాయని కనెటికట్ పరిశోధకులు గుర్తించారు.

పెన్సిల్వేనియా 2021లో జపాన్ బార్బెర్రీని నిషిద్ధ మొక్కల జాబితాలో చేర్చింది. కనెటికట్ విశ్వవిద్యాలయం గింజ పట్టని రకాలను రూపొందించింది. అలాంటి వాటికి న్యూయార్క్ వంటి రాష్ట్రాలు మినహాయింపు ఇచ్చాయి.