క్రీడలలో అశ్లీలము: ఒక వివాద చరిత్ర

పిల్లలు చూడదగనిదేది యను ప్రశ్న క్రొత్తది కాదు. నాటకమును గూర్చియు, చలనచిత్రమును గూర్చియు పెద్దలు దీనిని చిరకాలము తర్కించిరి. వీడియో గేములు పుట్టిన పిదప ఆ ప్రశ్న మరింత తీవ్రమైనది. ఏలయన ఇచ్చట బాలుడు ఊరక చూచుట లేదు, తన చేతితో చేయుచున్నాడు. అమెరికా దేశమున ఈ విషయమై నడచిన వివాదమును పరికించినచో, అశ్లీలమను పేరిట లోకము దేనికి వెఱచినదో, దేనిని వెఱవక విడిచినదో తేటపడగలదు.

1982లో అటారీ 2600 అను గృహయంత్రము కొఱకు ‘కస్టర్స్ రివెంజ్’ అను ఆట వెలువడెను. జనరల్ కస్టరు 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధమున ఆదిమజాతుల వారిచే హతుడైన సేనాని. ఆటలో అతడు బాణములను తప్పించుకొని పోయి, స్తంభమునకు కట్టబడిన ఆదిమజాతి స్త్రీని చెఱచవలెను, అదియే గెలుపు. ఆనాటి యంత్రముల శక్తి స్వల్పమగుటచే బొమ్మలు ఇటుకలు పేర్చినట్లుండెను. అయినను స్త్రీసంఘముల వారును, ఆదిమజాతుల వారును బహిరంగముగా నిరసించిరి. బొమ్మకు బట్ట యున్నదా లేదా యనునది ఇచ్చట ముఖ్యము కాదు. ఒక మనుష్యురాలికి చేయు ఘోరమును వినోదముగా అమ్మవచ్చునా యనునదే ముఖ్యము. ఇంత సూటియైన ప్రశ్న తరువాతి చరిత్రలో అరుదుగా వినబడెను.

1993వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన సెనేటు సభ్యులగు జోసెఫ్ లీబర్‌మన్, హెర్బ్ కోల్ అనువారు ఈ క్రీడలపై విచారణ జరిపిరి. రెండాటలు ముఖ్యముగా నిందకు పాత్రములయ్యెను. ‘మోర్టల్ కోంబాట్’లో గెలిచినవాడు ఓడినవాని గుండెను పెరికివేయవచ్చును. ‘నైట్ ట్రాప్’లో ఆటగాడు రహస్యపు కెమెరాలతో ఒక యింటిని కనిపెట్టుచు, అందలి యువతులను దుండగుల నుండి కాపాడవలెను. అందు రాత్రిదుస్తులు ధరించిన యువతి పట్టుబడు దృశ్యమొకటి సభ్యులకు రోత గొలిపెను. కాపాడుటయే ఆట యుద్దేశమన్న మాట ఆ కోలాహలమున అణగిపోయెను. కొన్ని పెద్ద దుకాణములు దాని అమ్మకమును మానుకొనెను. అదే ఆట 2017లో మరల వెలువడినప్పుడు 13 ఏండ్లవారికి తగునని నిర్ణయింపబడుట గమనింపదగినది.

మీరే కట్టుబాటు చేసికొననిచో మేము శాసనము చేయుదుమని సెనేటు సభ్యులు హెచ్చరింపగా, 1994లో వ్యాపారులు ఈ.ఎస్.ఆర్.బి. అను మండలిని స్థాపించి, ప్రతి యాటపైని వయఃపరిమితిని ముద్రింపసాగిరి. ఈ పద్ధతి మంచిదే. కాని అందలి తూనికరాళ్లెట్టివో 2005లో బయటపడెను. ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ అను ఆటలో దొంగతనములును, బాటసారులను కాల్చుటయు మొదటినుండియు కలవు. దానికి 17 ఏండ్ల పరిమితి గల ముద్ర లభించెను. తరువాత, పరస్పర సమ్మతి గల స్త్రీపురుషుల శృంగార దృశ్యమొకటి ఆ ఆటలో దాచబడియున్నట్లు తెలియవచ్చెను. వెంటనే, జూలై 20న, ముద్ర 18 ఏండ్లకు మార్చబడెను. భేదము ఒక్క యేడు. కాని ఆ రెండవ ముద్ర గల ఆటను పెద్ద దుకాణములు అమ్మవు. ఆట అరలనుండి తొలగింపబడెను. దృశ్యమును తీసివేసి క్రొత్త ప్రతిని చేసిన పిదప పాత ముద్ర తిరిగి వచ్చెను. హత్యలు మాత్రము ఎప్పటివలెనే యుండెను.

అదే 2005లో కాలిఫోర్నియా రాష్ట్రము, మిక్కిలి క్రూరములైన ఆటలను 18 ఏండ్లలోపు వారికి అమ్మరాదని శాసించి, వేయి డాలర్ల వరకు జరిమానా విధించెను. 2011 జూన్ 27న సుప్రీంకోర్టు 7గురు న్యాయమూర్తుల మతముతో, ఇరువురు భేదింపగా, ఆ శాసనమును కొట్టివేసెను. ఆటలును గ్రంథములవలె వాక్స్వాతంత్ర్యమునకు అర్హములనియు, క్రౌర్యమును పిల్లల కంటబడకుండ నిషేధించు సంప్రదాయము ఆ దేశమున లేదనియు తీర్పు. భేదించిన వారిలో బ్రేయరుగారు ఒక విపరీతమును ఎత్తిచూపిరి: బాలునికి నగ్నస్త్రీ చిత్రమును అమ్మకుండ నిషేధింపవచ్చునట, ఆ స్త్రీని కట్టి, హింసించి, చంపు ఆటను అమ్మకుండ మాత్రము నిషేధింపరాదట!

మేము నిషేధమును కోరువారము కాము. క్రౌర్యమును వర్ణించినంతనే కృతి దుష్టము కాదు. నిద్రించువారిని వధించిన కథ మహాభారతపు సౌప్తికపర్వమున కలదు. దానిని చదివినవాడు అశ్వత్థామను మెచ్చుకొనడు. వర్ణించుట వేఱు, బహుమానమిచ్చుట వేఱు. కస్టరు ఆటయందలి దోషము దిగంబరత్వము కాదు, చెఱచినవానికి గెలుపు నిచ్చుట. శృంగారమును చూచి ఉలికిపడి, హింసకు తలుపు తెఱచియుంచు నీతి సగపు నీతి మాత్రమే.

2015 నుండి గూగుల్ ప్లే అంగడియందును ఇట్టి వయస్సంఖ్యలు ముద్రింపబడుచున్నవి. ఆ విధముగా అమెరికాలో పుట్టిన ఈ వాడుక మన తెలుగు ఇండ్లలోని ఫోనులకును వచ్చినది. తల్లిదండ్రులు ఆ సంఖ్యను తప్పక చూడవలెను. కాని దానితో తృప్తిపడరాదు. ఒకపరి పిల్లవాని ప్రక్కన కూర్చుండి, ఈ యాటలో గెలుచుటకు నీవు ఎవరికేమి చేయవలెనని అడుగవలెను. ఆ ప్రశ్నకు వాడిచ్చు ఉత్తరమే ఆ యాట తగునో తగదో ముద్రకంటె స్పష్టముగా తెలుపును.