రెండు చివర్లూ మావే

రంజీ ట్రోఫీ చరిత్రలో ఒక ఇన్నింగ్స్‌లో అతి పెద్ద స్కోరు హైదరాబాద్ జట్టుది. అతి చిన్న స్కోరూ హైదరాబాద్‌దే. మొదటిది 944, రెండోది 21. మా సికింద్రాబాద్ వాళ్లకు ఆ మొదటి అంకె మీద కాస్త ఎక్కువ మమకారం. ఆ పరుగులన్నీ పరేడ్ గ్రౌండ్స్ దగ్గరున్న మా జింఖానా మైదానంలోనే వచ్చాయి మరి.

1994 జనవరి. ఎదురుగా ఆంధ్ర జట్టు. అప్పుడు రాష్ట్రం ఒకటే అయినా రంజీలో జట్లు రెండు. సంస్థానం రోజుల నాటి హైదరాబాద్ జట్టు 1934-35లో రంజీ మొదలైనప్పటి నుంచీ ఉంది, ఆంధ్ర 1953-54లో వచ్చి చేరింది. ఆ మ్యాచ్‌లో ఆంధ్ర 263కి ఆలౌటయింది. హైదరాబాద్‌కు 30 పరుగుల దగ్గర తొలి వికెట్ పడ్డాక ఎం.వి. శ్రీధర్ క్రీజులోకి వచ్చారు. ఆయన వెనుదిరిగేసరికి బోర్డు మీద 880. అంటే ఆయన ఉండగా జట్టు చేసిన పరుగులు 850. ఒక బ్యాట్స్‌మన్ క్రీజులో ఉండగా ఇన్ని పరుగులు రావడం ప్రపంచ రికార్డు. అవతలి ఎండ్‌లో మనుషులు మారుతూనే ఉన్నారు, ఈ ఎండ్‌లో ఆయన మాత్రం కదల్లేదు. సొంత స్కోరు 366. వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. ఒకే ఇన్నింగ్స్‌లో ఒక త్రిశతకం, రెండు ద్విశతకాలు! ఆరు వికెట్లకు 944 దగ్గర డిక్లేర్ చేయడంతో అంతకు ముందు హోల్కర్, తమిళనాడు జట్ల పేరిట ఉన్న 912 చెరిగిపోయింది.

శ్రీధర్ చదువు రీత్యా డాక్టరు. తర్వాత బీసీసీఐలో జనరల్ మేనేజర్‌గా పనిచేశారు. 2017 అక్టోబరులో, 51 ఏళ్లకే పోయారు. భారత జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

పరుగులకు మా జట్టు ఎప్పుడూ కరవు పడలేదు. 1986లో తమిళనాడు మీద అబ్దుల్ అజీమ్ 303 నాటౌట్. 1999-2000లో వి.వి.ఎస్. లక్ష్మణ్ ఒక్క సీజన్‌లో 1415 పరుగులు చేశాడు. రంజీలో ఆ రికార్డు ఇంకా నిలిచే ఉంది. అందులో బెంగళూరులో కర్ణాటక మీద సెమీఫైనల్లో కొట్టిన 353 కూడా ఉంది. అదే సీజన్‌లో కన్వల్‌జిత్ సింగ్ 62 వికెట్లు తీశాడు. అంతా కలిసొచ్చినట్టే ఉంది, ఫైనల్లో ముంబై చేతిలో ఓడిపోయాం. ఇన్నేళ్లలో మా టైటిళ్లు రెండే: 1937-38, 1986-87. ఇంతమంది గొప్ప బ్యాట్స్‌మెన్ పుట్టిన ఊరికి ఇది చాలా తక్కువ.

ఇక ఆ రెండో అంకె సంగతి. 2010 నవంబరు, జైపూర్. రాజస్థాన్ తరఫున దీపక్ చాహర్ మొదటి మ్యాచ్, 10 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. హైదరాబాద్ 21 ఆలౌట్. 1934-35 నుంచి సదరన్ పంజాబ్ మోస్తున్న 22 పరుగుల భారం ఆ పూట మా నెత్తికెక్కింది. దాన్ని దాచుకోనక్కర్లేదు. 944 మాదని చెప్పుకునే నోటితోనే 21 కూడా మాదేనని చెప్పాలి.

2024 జనవరిలో ఇక్కడే హైదరాబాద్‌లో, అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో త్రిశతకం కొట్టాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లోనే అది అత్యంత వేగవంతమైనది. 26 సిక్సర్లు, అదీ రికార్డే. చివరికి ఔటయింది ఎంత దగ్గరో తెలుసా? సరిగ్గా 366. శ్రీధర్ స్కోరే! కింది స్థాయి జట్లుండే ప్లేట్ గ్రూపులో, అనుభవం లేని జట్టు మీద వచ్చింది కాబట్టి నా లెక్కలో శ్రీధర్ ఇన్నింగ్సే ఒక మెట్టు పైన. అయినా ఆ కుర్రాడి సత్తాను తక్కువ చేయలేం.

ఈ సీజన్‌లో మన జట్టు రంజీ మ్యాచ్ ఊళ్లో పడితే ఒక్క పూటైనా వెళ్లి కూర్చోండి. ఐపీఎల్‌కు ఎగబడే జనంలో పదో వంతు వచ్చినా ఆ కుర్రాళ్లకు అదే పదివేలు.