అచ్చు ఖర్చు ఎవరిది?

అమెరికాలో ఒకప్పుడు పత్రికలు ధర్మకాటాలా ఉండేవని, కేబుల్ టీవీ, ఫేస్‌బుక్ వచ్చాకే అంతా చెడిందని అక్కడి పాతతరం వాపోతుంటుంది. చరిత్ర తిరగేస్తే ఆ మాట సగమే నిలుస్తుంది. ఆ దేశపు పత్రికలు పెరిగింది పార్టీల ఒడిలో. నిష్పక్షపాతం మధ్యలో వచ్చి సుమారు వందేళ్లు నడిచింది. ఏ కాలంలో పత్రికలు ఎలా రాశాయో తెలియాలంటే, అచ్చు ఖర్చు ఎవరు భరించారో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

వలస పాలనలో అన్నిటికన్నా ముందు అనుమతుల గొడవ. 1690లో బోస్టన్‌లో బెంజమిన్ హారిస్ తెచ్చిన పత్రికను, అనుమతి లేదంటూ మొదటి సంచికతోనే మూయించారు. 1735లో న్యూయార్క్ గవర్నరు కాస్బీని దుయ్యబట్టిన ముద్రాపకుడు జాన్ పీటర్ జెంగర్‌ను, నాటి చట్టం ప్రకారం శిక్ష పడాల్సి ఉన్నా, జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. 1791లో రాజ్యాంగపు తొలి సవరణ పత్రికా స్వేచ్ఛకు రక్షణ కల్పించింది.

స్వేచ్ఛ వచ్చింది సరే, మరి డబ్బు? అది నాయకుల చేతుల్లో ఉంది. జార్జి వాషింగ్టన్ మంత్రివర్గంలోనే రెండు శిబిరాలుండేవి. ఆర్థికమంత్రి హామిల్టన్ జాన్ ఫెనో పత్రికకు అండగా నిలిచాడు. విదేశాంగమంత్రి జెఫర్సన్ ఊరుకుంటాడా? కవి ఫిలిప్ ఫ్రెనోను అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాకు రప్పించి, తన శాఖలో ఏడాదికి 250 డాలర్ల జీతంతో అనువాదకుడి కొలువు ఇచ్చాడు. 1791 అక్టోబరులో ఫ్రెనో ‘నేషనల్ గెజెట్’ మొదలైంది. సర్కారు జీతం పుచ్చుకుంటూ ఆ సర్కారునే తిట్టిపోయడం దాని పని. తనను తిట్టిన పత్రికను ఫ్రెనో తనకే మూడేసి ప్రతులు పంపుతున్నాడని వాషింగ్టన్ మంత్రుల ముందే మండిపడ్డట్టు జెఫర్సన్ తన కాగితాల్లో రాసుకున్నాడు. మొదటి పేజీ చూడగానే ఏ పేపరు ఏ పార్టీదో చెప్పేసే తెలుగు పాఠకుడికి ఇదేం వింతగా తోచదు.

ఇంతగా కొట్టుకున్న ఆ తరమే ఒక మంచి పని చేసింది. 1792 తపాలా చట్టం ప్రకారం పత్రికను 100 మైళ్ల లోపు ఒక సెంటుకు, ఆ పైన ఒకటిన్నర సెంటుకు చేరవేసేవారు. ఉత్తరానికి మాత్రం దూరాన్ని బట్టి 6 నుంచి 25 సెంట్లు. సంపాదకులు తమలో తాము పంపుకునే ప్రతులకు అసలు రుసుమే లేదు. ఊరూరా పత్రిక పుట్టడానికి వాక్‌స్వాతంత్ర్యం ఎంత కారణమో ఈ చవక తపాలా కూడా అంతే కారణమని నేను అనుకుంటాను. అయితే అదే తరం 1798లో ప్రభుత్వ విమర్శను నేరం చేస్తూ తెచ్చిన చట్టం బెడిసికొట్టింది. దాని కింద జైలుకెళ్లిన వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లయన్ జైల్లో ఉండగానే మళ్లీ గెలిచాడు.

ఆండ్రూ జాక్సన్ కాలానికి పార్టీ పత్రికలకు ప్రభుత్వ ముద్రణ కాంట్రాక్టులే ప్రధాన తిండి. ఈ వ్యవస్థకు లింకన్ కూడా అతీతుడు కాడు. 1859 మేలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆయన జర్మన్ వలసదారుల కోసం వెలువడే ఒక పత్రిక ముద్రణ యంత్రాన్ని, అచ్చు అక్షరాలను చడీచప్పుడు లేకుండా కొన్నాడు. సంపాదకుడు థియోడర్ కనీసియస్‌తో ఒప్పందం రాసుకున్నాడు. 1860 ఎన్నికలయ్యే దాకా పత్రిక రావాలి, చాలావరకు జర్మన్‌లోనే ఉండాలి, రిపబ్లికన్ పార్టీ విధానం గీత దాటకూడదు. దాటితే యంత్రం లింకన్ పట్టుకుపోతాడు. ఎన్నిక గెలిచాక ఆ యంత్రాన్ని సంపాదకుడికే రాసిచ్చేశాడు, ఆ తర్వాత అతన్ని వియన్నాలో కాన్సుల్‌గా నియమించాడు. మహాత్ముడే గానీ లెక్క తెలిసిన మనిషి.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం సొంత ముద్రణాలయం పెట్టుకుంది, కాంట్రాక్టుల తిండి ఆగిపోయింది. అంతకుముందే, 1833లో, న్యూయార్క్ ‘సన్’ ఒక్క సెంటుకే పేపరు అమ్మి, రాబడిని ప్రకటనల మీద రాబట్టే దారి చూపింది. 1846లో పుట్టిన అసోసియేటెడ్ ప్రెస్ ఒకే వార్తను అన్ని పార్టీల పత్రికలకూ అమ్ముకోవాలి కాబట్టి ఎవరికీ కారం తగలకుండా రాయడం నేర్చుకుంది. 1896లో అడాల్ఫ్ ఆక్స్ చేతికొచ్చిన ‘న్యూయార్క్ టైమ్స్’ నిష్పక్షపాతాన్నే తన సరుకుగా పెట్టుకుంది. ముందు వ్యాపారం, ధర్మం ఆ తర్వాత.

అదే కాలంలో పులిట్జర్, హెర్స్ట్ పత్రికలు కేకలు వేసి అమ్ముకున్నాయి. 1898లో స్పెయిన్ యుద్ధం తానే తెప్పించానన్న పేరు హెర్స్ట్‌కు మిగిలింది గానీ, అందులో సగం సొంత డబ్బా. విలేకరి ఐడా టార్బెల్ పని అలా కాదు. స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ గుత్తాధిపత్యంపై దస్తావేజులు తవ్వి 1902 నుంచి ఆమె వరుసగా రాసిన వ్యాసాలు దేశాన్ని కదిలించాయి. 1911లో సుప్రీంకోర్టు ఆ కంపెనీని ముక్కలు చేయించింది.

రేడియోతో లెక్క మారింది. 1933 మార్చి 12 ఆదివారం రాత్రి, బ్యాంకులన్నీ మూసి ఉన్న వేళ, ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ సంపాదకుల తలమీదుగా నేరుగా జనంతో మాట్లాడాడు. బ్యాంకులు తెరిచాక జనం మళ్లీ డబ్బు వేయడానికి వరస కట్టారు. 1936 ఎన్నికల్లో పత్రికల్లో అత్యధికం ఎదురు తిరిగినా 48 రాష్ట్రాల్లో 46 ఆయనవే.

రేడియో తరంగాలు పరిమితం కాబట్టి స్టేషన్‌కు ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. 1949 నుంచి వివాదాస్పద విషయాల్లో భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలన్న నిబంధన పెట్టారు. మూడు టీవీ నెట్‌వర్కులు మధ్యేమార్గంలో నడిచాయంటే ఈ నిబంధన ఒక కారణం, ప్రకటనకర్తల భయం మరొకటి. కానీ ఆ మధ్య ఎవరి మధ్య? మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ నగరంలోని డబ్ల్యూఎల్‌బీటీ చానల్, నల్లజాతి హక్కుల గురించి నెట్‌వర్క్ కార్యక్రమం రాగానే సాంకేతిక లోపం అన్న బోర్డు వేసేది. ఊళ్లో నల్లజాతివారు, ఒక చర్చి సంస్థ ఏళ్ల తరబడి పోరాడితే 1969లో కోర్టు దాని లైసెన్సును రద్దు చేసింది. ఆ స్వర్ణయుగాన్ని తలుచుకునేవారు ఈ బోర్డును కూడా తలుచుకోవాలి.

1960 కెనడీ-నిక్సన్ చర్చ, వియత్నాం, వాటర్‌గేట్ కథలు అందరికీ తెలిసినవే. ఒక్క మాట చాలు. ‘వాషింగ్టన్ పోస్ట్’ వాటర్‌గేట్ వార్తలు రాస్తుండగానే 1972 నవంబరులో నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచాడు. ఆయన్ను దించింది పత్రిక ఒక్కటే కాదు. న్యాయమూర్తి సిరికా, సెనేట్ కమిటీ, చివరికి ఆయన సొంత టేపులు కూడా కలిశాయి.

1987లో ఆ భిన్నాభిప్రాయాల నిబంధన రద్దయింది. మరుసటి ఏడాది సంప్రదాయవాద వ్యాఖ్యాత రష్ లింబా రేడియో గొంతు దేశమంతా మోగింది. 1996లో ఫాక్స్ న్యూస్ వచ్చింది. నిబంధన తీసేసినందుకే ఫాక్స్ పుట్టిందనేవారు ఒక సంగతి మరుస్తారు: ఆ నిబంధన గాలి తరంగాల చానళ్లకే గానీ కేబుల్‌కు కాదు. కేబుల్ చానల్‌కు చందా రాబడి ఉంటుంది, వీరాభిమానులు కొంతమంది ఉంటే బతికేస్తుంది. వాళ్లను నొప్పించడమే దానికి నష్టం. 2020 ఎన్నికల్లో ఓటింగ్ యంత్రాలపై ప్రసారం చేసిన అబద్ధాలకు ఫాక్స్ 2023లో డొమినియన్ కంపెనీకి 78.75 కోట్ల డాలర్లు చెల్లించుకుంది.

ఈ పక్షపాతం కొత్త జబ్బేమీ కాదు, జెఫర్సన్ నాటిదే. నన్ను భయపెట్టేది వేరొకటి. ఇంటర్నెట్ వర్గీకృత ప్రకటనలను ఎగరేసుకుపోయాక, 2005 నుంచి అమెరికాలో మూడోవంతుకు పైగా పత్రికలు మూతపడ్డాయి. పోయినవి ఎక్కువగా చిన్న ఊళ్లవి. లాస్ ఏంజెలెస్ పక్కన బెల్ అనే చిన్న, పేద పట్టణముంది. కౌన్సిల్ సమావేశాలకు వెళ్లే విలేకరి లేకపోవడంతో అక్కడి సిటీ మేనేజరు జీతం ఏడాదికి 8 లక్షల డాలర్ల దరిదాపుకు చేరినా జనానికి తెలియలేదు. 2010లో ‘లాస్ ఏంజెలెస్ టైమ్స్’ బయటపెట్టాక గానీ అరెస్టులు జరగలేదు. 2014లో అతనికి 12 ఏళ్ల జైలు పడింది.

ఇక ప్రభుత్వ సాయం సంగతి. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ ప్రజా రేడియో, టీవీలకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది.