కిటికీ అంగములు చెప్పు చరిత్ర

దినమునకు పలుమారులు మనము తెరచి మూయు కిటికీని అంగాంగముగ పరికించినవారు అరుదు. గోడలో బిగించినది చట్రము. దానికి బందులతో అమర్చినవి రెక్కలు. దొంగలకు అడ్డుగ నిలుచునవి ఊచలు. రెక్క కదలకుండ పట్టునది గొళ్లెము. పైగోడ బరువును మోయునది అడ్డదూలము. సంస్కృతమున కిటికీకి గవాక్షమని పేరు. ఆవు కన్ను అని ఆ మాటకు అర్థము. ఇంగ్లీషువారి ‘విండో’ అను పదము ప్రాచీన నార్సు భాషనుండి వచ్చినది. దాని అర్థము గాలికన్ను. దూరదేశములలోని యీ రెండు జాతులవారును కిటికీని కంటితోనే పోల్చుట వింతగ నున్నది. అట్టి కంటిపై ఇంగ్లాండు దేశము నూటయేబది యేండ్లకు పైగ పన్ను వసూలు చేసెను. అచ్చటి కిటికీ అంగములు కొన్ని శాసనముల వలనను, కొన్ని సుంకముల వలనను రూపు దిద్దుకొన్నవి.

మొదట చట్రము సంగతి. 1666లో లండను నగరమున చాలభాగము అగ్నికి ఆహుతియయ్యెను. తరువాత ఇటుక యిండ్లు లేచినవి గాని, కిటికీల కొయ్యచట్రములు గోడ ముఖముతో సమముగ వెలుపలికి కనబడుచునే యుండెను. మంట ప్రాకుటకు అది చాలును. అందుచే 1709 నాటి శాసనము చట్రమును గోడ ముఖమునుండి 4 అంగుళములు లోనికి జరుపవలెనని విధించెను. 1774 శాసనము మరియొక అడుగు ముందుకు వేసి, చట్రమును ఇటుకల చాటున దాచవలెననెను. పాత లండను యిండ్ల కిటికీలు నీడలో ఒదిగి కనబడుటకు కారణము శిల్పి ముచ్చట మాత్రమే కాదు, అగ్నిభయము కూడ.

ఇక రెక్కలు. మన రెక్కలు తలుపువలె తెరచుకొనును. వారివి ఒకదానిపై నొకటిగ నుండి పైకి క్రిందికి జారును. చట్రమున కిరువైపుల నుండు బోలుపెట్టెలలో ఇనుపగుండ్లు వ్రేలాడును. ఒక్కొక్క గుండునుండి వచ్చిన త్రాడు బావిగిలక వంటి చిన్న గిలకమీదుగ పోయి రెక్కను పట్టియుండును. గుండ్ల బరువును రెక్క బరువును సరితూగుటచే, ఎత్తిన రెక్క ఎత్తినచోటనే నిలుచును. ఈ యేర్పాటు 17వ శతాబ్ది చివర ప్రచారమునకు వచ్చినది.

రెక్కలోని సన్నని కొయ్యపట్టెలకు కారణము గాజు. ఆ కాలమున కరగిన గాజును బుడగగ ఊది, ఇనుపకడ్డీ చివర నంటించి గిరగిర త్రిప్పెడివారు. అది విచ్చుకొని గుండ్రని పళ్లెమగును. నడుమ బొడిపె మిగులును కావున దాని చుట్టునుండి చిన్న పలకలే దొరకును. ఆ పలకలను కూర్చుటకే పట్టెలు. 1746నుండి గాజు బరువునుబట్టి సుంకము పడుటచే పలుచని గాజునకే గిరాకి హెచ్చెను.

అన్నిటికంటె కఠోరమైనది కిటికీల పన్ను. మూడవ విలియము రాజ్యమున 1696లో అది పుట్టినది. ఇంటికి 2 షిల్లింగులు. 10 మొదలు 20 కిటికీల వరకు నున్న యింటికి మరి 4 షిల్లింగులు. అంతకు మించిన 8 షిల్లింగులు. ఆదాయము లెక్కించుటకంటె వీథిలో నిలిచి కిటికీలు లెక్కించుట సులభము. కలిగినవారి యింటికి కిటికీ లెక్కువ యుండునని ప్రభుత్వపు ఊహ. కాని పట్టణములలో పేదకుటుంబములు పెక్కు కలిసి కాపురమున్న పెద్ద భవనమును ఒకే యిల్లుగ లెక్కగట్టిరి. పన్ను తగ్గించుకొనుటకై యజమానులు కిటికీలను ఇటుకలతో మూయించిరి. యజమానికి మిగిలినది ధనము. లోపలివారికి మిగిలినది చీకటి, ఉక్క, వ్యాధులు. వైద్యులు మొరపెట్టిరి. ఇప్పటికిని ఆ దేశమున మూసిన కిటికీలు కనబడును. అయితే కొన్ని గోడకు సౌష్ఠవము కొరకు మొదటినుండియు అట్లే కట్టినవి. అన్నిటిని పన్నుకు అంటగట్టరాదు.

గాజు సుంకము 1845లో పోయినది. 1851 మే నెలలో లండనులో సుమారు 3 లక్షల గాజుపలకల స్ఫటికభవనము ప్రజలకు తెరువబడెను. అదే సంవత్సరము జూలైలో కిటికీల పన్ను రద్దయ్యెను. అప్పటికే గాజును గొట్టముగ ఊది, నిలువున కోసి, వేడిమిలో పరచి పెద్ద పలకలు చేయు విధానము వ్యాపించినది. పట్టెలు తగ్గినవి, పలకల బరువు హెచ్చినది. ఆ బరువునకు రెక్క మూలలు సడలకుండ నిలువుకమ్ములను కొమ్మువలె కొంచెము పొడిగించిరి. కొమ్ములున్న రెక్క తరచుగ ఆ శతాబ్ది నడిమినాటికి తరువాతిదని గుర్తు.

పన్ను పోయినను ఒక సంగతి మారలేదు. అద్దెగదికి కిటికీ యెంత యుండవలెనో నిర్ణయించువాడు ఒకడు, ఆ గదిలో ఊపిరి పీల్చువాడు మరియొకడు. గది కట్టించువారు ఖర్చు లెక్క వేయునప్పుడు ఆ రెండవవానిని కూడ లెక్కలో చేర్చుకొందురు గాక.