మమ్మల్ని అడగని సంవత్సరం: 2014

తెలంగాణ ఏర్పడిన తీరు మీద పుస్తకాలు చాలా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ విడిపోయిన తీరు మీదా వచ్చాయి. వాటిలో మా ఏడు మండలాల ప్రస్తావన ఒక పేరాలో, మహా అయితే ఒక పేజీలో అయిపోతుంది. ఆ పేజీలో పోలవరం ఉంటుంది, ఆర్డినెన్సు ఉంటుంది. మేము ఉండం. మేము శబరి ఒడ్డున కోయ గూడెంలో పుట్టి, ఆ చుట్టుపక్కల బడుల్లోనే పాఠాలు చెప్పుకుంటున్న వాళ్ళం. ఆ సంవత్సరం మా మీదుగా ఎలా నడిచిందో మేమే రాసుకోకపోతే రేపు మా పిల్లలకు చెప్పేవాళ్ళు ఉండరని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న మా భద్రాచలం ప్రాంతం ఒకప్పుడు నిజాం రాజ్యంలోది. 1860లో అది బ్రిటిష్ వారి చేతికి వచ్చి సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఎగువ గోదావరి జిల్లా అయింది. 1874లో మద్రాసు వారి గోదావరి జిల్లాలో కలిసింది. కాగితం మీద ఇది ఒక సరిహద్దు మార్పు మాత్రమే. మా తాతలకు మాత్రం అది పోడు మీద దెబ్బ. సెంట్రల్ ప్రావిన్సెస్ వారు గొడ్డలికి నాలుగణాలు తీసుకుని పోడు కొట్టుకోనిచ్చేవారు. మద్రాసు వారు పన్ను పెంచారు, కొన్ని అడవుల్లో పోడే వద్దన్నారు. 1879లో రంపలో తిరుగుబాటు లేచినప్పుడు అది రేకపల్లి వైపుకూ పాకడానికి ఇదొక కారణం. గీత మారితే చట్టం మారుతుంది, చట్టం మారితే మా పొయ్యి మీది కుండ మారుతుంది. ఈ పాఠం మాకు అప్పటిది.

స్వాతంత్ర్యం తర్వాత తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నాము. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మం జిల్లాలో కలిపారు. అప్పటి నుంచి 2014 దాకా, అంటే 55 ఏళ్ళు, మాకు జిల్లా అంటే ఖమ్మం, పట్నం అంటే భద్రాచలం. జ్వరమొచ్చినా, కాన్పు కష్టమైనా, పిల్లల్ని హాస్టల్లో వేయాలన్నా, ఐటీడీఏలో అర్జీ పెట్టాలన్నా భద్రాచలమే.

ఇక 2014 సంగతి. ఇప్పపూలు రాలడానికి ఇంకా కొన్నాళ్ళు ఉందనగా, ఫిబ్రవరి 18న లోక్‌సభలో విభజన బిల్లు గట్టెక్కింది. ఆ సమయానికి టీవీలో సభ ప్రసారం ఆగిపోయింది. 20న రాజ్యసభ కూడా ఆమోదించింది. మార్చి 1న రాష్ట్రపతి సంతకం అయింది. మా గూడేల్లో కొందరు యువకులు జై తెలంగాణ అన్నారు. ఆ ఉద్యమంలో తిరిగినవాళ్ళు మాలోనూ ఉన్నారు. ఏ రాష్ట్రమైతే ఏముంది, పోడుకు పట్టా ఇస్తే చాలు అన్నవాళ్ళూ ఉన్నారు.

ఆ చట్టంలో ఏముందో అప్పుడు మాలో చాలామంది చదవలేదు. దాని మూడో సెక్షన్‌లోనే ఖమ్మం జిల్లాలోని ముంపు గ్రామాలను తెలంగాణ నుంచి మినహాయించారు. ఏ గ్రామాలు అన్నదానికి 2005 జూన్ 27 నాటి నీటిపారుదల శాఖ జీవో 111 ఆధారం. అంటే మా ఊళ్ళు ఎటు పోవాలో తేల్చింది మా భాష కాదు, మా బంధుత్వం కాదు, నీటి మట్టం లెక్క. అదే చట్టం తొంభయ్యో సెక్షన్ పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టు చేసింది. దానికి తెలంగాణ రాష్ట్రం సమ్మతి ఇచ్చినట్టే భావించాలని కూడా రాసింది. ఇంకా పుట్టని రాష్ట్రం సమ్మతి ఇచ్చేసిందన్నమాట.

ఏప్రిల్ 30న తెలంగాణ పది జిల్లాలతో పాటు మేమూ ఓటేశాము. తునికాకు కోసే రోజులవి. తెల్లవారకముందే అడవికి పోయి, ఆకు కట్టలు కట్టి, కల్లంలో అప్పగించి, ఆ చేతులతోనే వెళ్ళి బారులో నిలబడ్డాము. భద్రాచలం, పినపాక, అశ్వారావుపేట, మూడూ గిరిజనులకు రిజర్వు అయిన స్థానాలే. సీమాంధ్రలో పోలింగ్ మే 7న జరిగింది. ఆ రోజు మా వేళ్ళ మీద సిరా ఇంకా పూర్తిగా పోలేదు.

మే 16న ఫలితాలు వచ్చాయి. 26న కేంద్రంలో కొత్త ప్రభుత్వం వచ్చింది. మూడు రోజులకు, మే 29న ఆర్డినెన్సు వచ్చింది. ముంపు గ్రామాలే కాదు, మండలాలకు మండలాలే ఆంధ్రప్రదేశ్‌కు పోతాయని అందులో ఉంది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా పోయాయి. బూర్గంపాడులో కొన్ని గ్రామాలు మిగిలాయి. భద్రాచలం మండలంలో ఒక్క భద్రాచలం రెవెన్యూ గ్రామమే తెలంగాణకు మిగిలింది. ఆ రోజు తెలంగాణ బంద్. బస్సులు లేవు. సంతకు పోయినవాళ్ళు నడిచి వచ్చి, మనల్ని ఆంధ్రలో కలిపారంట అని చెప్పారు.

అవి విజ్జ పండుమ్ రోజులు, విత్తనాలను దేవర ముందు పెట్టి మొక్కే రోజులు. ఊరంతా ఒకచోట కూడి ఉన్నాము. ఒక ముసలి మామ మమ్మల్ని పట్టుకుని అడిగాడు:

"అల్లుడా, మనం యాడికన్నా పోయినమా?"

"లేదు మామా."

"ఊరు యాడికన్నా పోయిందా?"

"లేదు."

"మరి రాష్ట్రం ఎట్ట మారింది? పంచాయితీ పెట్టి మనల్ని అడిగినోడు ఎవడు?"

చదువుకున్నవాళ్ళమని ఆయన మమ్మల్ని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఊళ్ళో రెండు ఇళ్ళ మధ్య గట్టు జరపాలన్నా పెద్దలంతా కూర్చుని, ఇద్దరి మాటా వింటారు. 1996 నాటి పెసా చట్టం కూడా అదే చెబుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టుకు భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి. రాష్ట్రం మార్చడానికి గ్రామసభను అడగాలని ఏ చట్టంలోనూ లేదు. ఎకరం పొలానికి ఉన్న పద్ధతి ఏడు మండలాలకు లేకపోయింది.

జూన్ 2న తెలంగాణ వచ్చింది. భద్రాచలంలో జెండాలు, బాణసంచా. పక్కనే ఉన్న ఎటపాక అప్పటికి మరో రాష్ట్రం. కొత్త శాసనసభ ఆర్డినెన్సును వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. జూలైలో, ఏరు ఎక్కుతున్న రోజుల్లో, 11న లోక్‌సభ, 14న రాజ్యసభ సవరణ బిల్లును ఆమోదించాయి. ఆంధ్ర నాయకులు ప్రాజెక్టు ఒకే రాష్ట్రంలో ఉంటే పునరావాసం సాఫీగా జరుగుతుందన్నారు. తెలంగాణ నాయకులు మా భూమి మాకు కావాలన్నారు. ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉంది. ఒకరు నీళ్ళ గురించి, ఒకరు నేల గురించి మాట్లాడారు. నేల మీద ఉన్నవాళ్ళ గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.

ఆ తర్వాత విచిత్రం చూడండి. భద్రాచలం నుంచి గెలిచిన సున్నం రాజయ్య కోయబిడ్డ. ఆయన సొంత ఊరు వరరామచంద్రాపురం మండలంలో ఉంది. ఆయన హైదరాబాదులో తెలంగాణ సభలో కూర్చున్నారు, ఆయన ఊరు ఆంధ్రలో ఉంది. మా ఓటుతో గెలిచినవారు ఒక రాష్ట్రంలో, మా రేషన్ కార్డు, మా భూమి కాగితం మరో రాష్ట్రంలో. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మేము మొదటిసారి ఓటేసింది 2019లో. ఆ ఐదేళ్ళూ మా సంగతి అడిగే శాసనసభ్యుడు మాకు పాలన నడిపే సభలో లేడు. ఊళ్ళు ఖాళీ చేయించే లెక్కలు, పరిహారం జాబితాలు నడిచిన ఏళ్ళవి.

బడిలో ఆ జూన్ మాకు బాగా గుర్తు. పటం గోడకు తగిలించి ఉంది. ఐదో తరగతి పాప మన ఊరు ఎక్కడ సార్ అని అడిగింది. వేలు పెట్టి చూపించాము. మనం ఏ రాష్ట్రం సార్ అంది. జవాబు చెప్పాము. మరి మా అక్క హాస్టల్ భద్రాచలంలో ఉంది కదా, ఆమె వేరే రాష్ట్రమా అంది. అప్పుడు తడబడ్డాము. తోటి ఉద్యోగుల్లో చాలామంది ఎటు పోవాలా అని ఆప్షన్ల కోసం చూస్తున్నారు. పదో తరగతి అయిన పిల్లలు ఎక్కడ చేరితే లోకల్ అవుతామో తెలియక తిరిగారు. శబరికి అవతల కుంటలో, మోటులో మా చుట్టాలున్నారు. ఒకటి ఛత్తీస్‌గఢ్, ఒకటి ఒడిశా. ఒక్క పెళ్ళికి పిలుపులు చెప్పాలంటే ఇప్పుడు నాలుగు రాష్ట్రాలు తిరగాలి.

ఆ తర్వాత జిల్లా పనికి మారేడుమిల్లి ఘాట్ దిగి కాకినాడ పోయాము. 2022లో మా వైపు నాలుగు మండలాలను అల్లూరి సీతారామరాజు జిల్లాలో పెట్టారు, ముఖ్యపట్టణం పాడేరు. అదీ కొండలు దాటాకే. ఆ ఏడాది జూలైలోనే భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మా ఊళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ వరద తర్వాత ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీల జనం తమను తిరిగి తెలంగాణలో కలపమని రోడ్డెక్కారు. ఎవరూ అడగకుండానే వాళ్ళు తమ మాట చెప్పారు. అడిగి ఉంటే 2014లోనే చెప్పేవాళ్ళు.

ఏ రాష్ట్రం మంచిది, ఏది చెడ్డది అని తేల్చడానికి మేము ఇది రాయలేదు. ఇందులో ఉంటే ఇది వచ్చేది, అందులో ఉంటే అది పోయేది అన్న వాదన మా గూడేల్లో ఇంకా సాగుతూనే ఉంది. మేము చెప్పేది ఒక్కటే. 1860లో, 1874లో, 1959లో, 2014లో, నాలుగుసార్లు గీత మారింది. రాజులు మారారు, దొరలు మారారు, ప్రజల ప్రభుత్వాలు వచ్చాయి. అడగకపోవడం మాత్రం మారలేదు.

ఇప్పుడు ఊళ్ళు లేచి కాలనీలకు పోతున్నాయి. ఊరు పోయాక దాని పేరు, దేవర గద్దె, పోడు హద్దు, ఏ ఇంటివాళ్ళు ఏ గట్టువాళ్ళు అన్నది చెప్పగలిగిన పెద్దలు ఇంకా కొందరే ఉన్నారు. తోటి టీచర్లకు మా మనవి: మీ బడి పిల్లలతో ఒక నోటుబుక్కు పెట్టించండి. 2014లో మీ ఊళ్ళో ఎవరు ఏమన్నారో పెద్దల్ని అడిగి రాయించండి. ప్రభుత్వం అడగని ప్రశ్న కనీసం మన పిల్లలైనా అడగాలి. విజ్జ పండుమ్ నాడు మమ్మల్ని ప్రశ్న వేసిన ఆ మామ ఇప్పుడు లేడు. ఆయన ప్రశ్నను మేము మా బడి నోటుబుక్కులో మొదటి పేజీలో రాయించాము.